మయానస్ వాగు నాచు పొట్లాలు: ఒక ప్రాజెక్టు డైరీ

2024 ఏప్రిల్ 13, శనివారం

మొదటి పొట్లం విప్పాను. లోపల ఎండిన నాచు టీ పొడిలా నల్లగా, ముట్టుకుంటే విరిగిపోయేట్టు ఉంది. చిమటాతో ఒక పుల్ల తీసి గాజు పలక మీద పెట్టి, వేడినీళ్ళు రెండు చుక్కలు వేశాను. నిమిషం తిరక్కుండానే ఆకులు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. నలుపు పోయి ముదురు ఆకుపచ్చ తేలింది. లేబుల్ మీద 1936 నవంబరు అని ఉంది. అందులో ప్రాణం లేదని తెలుసు. కణాల గోడలు నీళ్ళు పీల్చుకుని మళ్ళీ పొంగాయి, అంతే. అయినా కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

పని ఏమిటో రాసి పెట్టుకుంటాను, తర్వాత నాకే పనికొస్తుంది. వారమంతా స్టామ్‌ఫర్డ్‌లో ఉద్యోగం, శనివారాలు ఒక హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోట, స్వచ్ఛందంగా పని. న్యూయార్క్ రాష్ట్రంలో, వెస్ట్‌చెస్టర్ కౌంటీలోని బెడ్‌ఫర్డ్ దగ్గర మయానస్ నది ఒక ఇరుకు లోయలోంచి పోతుంది. పేరుకు నదే గానీ మన లెక్కలో వాగు. ఆ వాగు పరిసరాల్లో సేకరించిన నీటి నాచు పొట్లాలు ఇక్కడ అల్మరాల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటన్నిటినీ ఒకచోట చేర్చాలి, పేర్లు సరిచూడాలి, చిరిగిన పొట్లాలు మార్చాలి, ఫొటోలు తీయాలి, ఎక్కడ సేకరించారో మ్యాపు మీద గుర్తించాలి. సంరక్షణ స్థలం వాళ్ళు అనుమతిస్తే వెళ్ళి ఆ నాచు ఇప్పుడు ఎలా ఉందో చూడాలి, కొత్తగా కొన్ని పొట్లాలు చేర్చాలి.

ఆ లోయకు ఒక చరిత్ర ఉంది. 1955లో నేచర్ కన్సర్వెన్సీ అనే సంస్థ భూమి కొని కాపాడే పని మొదలుపెట్టింది ఇక్కడే. 60 ఎకరాలు. కొనడానికి 7,500 డాలర్లు అప్పుగా ఇచ్చి, ఆ డబ్బు తిరిగి కట్టాలని, అది ఇంకోచోట భూమి కాపాడటానికి వాడాలని షరతు పెట్టారు. 1964లో దేశంలోనే మొదటి జాతీయ ప్రకృతి చిహ్నంగా దీన్ని నమోదు చేశారు. ఎప్పుడూ గొడ్డలి పడని హెమ్లాక్ చెట్లు ఉన్నాయని జనం వెళతారు. నేను చెట్ల మొదళ్ళు దాటి కిందికి, నీళ్ళ దగ్గరికి వెళ్ళాలి.

ఏప్రిల్ 27

పేర్ల గొడవతోనే రోజంతా అయిపోయింది.

నాకు కావలసిన నాచు ఒక్కటే. అల్మరాల్లో మాత్రం అది అయిదు పేర్లతో అయిదు చోట్ల ఉంది: హిప్నం రస్కిఫార్మే, యూరింకియం రస్కిఫార్మే, యూరింకియం రిపారియోయిడిస్, రింకోస్టీజియం రిపారియోయిడిస్, ప్లాటీహిప్నిడియం రిపారియోయిడిస్. సేకరించిన కాలంలో ఏ పేరు చలామణిలో ఉంటే అది రాశారు. వాళ్ళ తప్పేమీ లేదు. నాచుల పేర్లకు లెక్క మొదలయ్యేది వృక్షశాస్త్రవేత్త యోహాన్ హెడ్విగ్ రాసిన పుస్తకం నుంచి. అది 1801లో, ఆయన పోయాక అచ్చయింది. రిపారియోయిడిస్ అన్న మాట ఆయన పెట్టిందే. తర్వాత ప్రజాతి మారుతూ వచ్చింది. ఇప్పటికీ ఒకరు ప్లాటీహిప్నిడియం అంటారు, మరొకరు రింకోస్టీజియం అంటారు. మా అల్మరాలో ప్లాటీహిప్నిడియం కింద పెడుతున్నాం కాబట్టి ఈ డైరీలోనూ అదే రాస్తాను.

పాత పేరుతో వెతకనివాళ్ళకు పాత పొట్లం దొరకదు. ఈ రోజు నేర్చుకున్నది ఇదే. ఒక్క పేరుతో వెతికితే నాలుగు వచ్చాయి. అయిదు పేర్లతో వెతికాక మయానస్ పొట్లాలు పదకొండయ్యాయి.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. నాచు గురించి పని చేస్తున్నానంటే, "వాగులో నాచు రాళ్ళ మీద కాలు పెట్టకే, జారిపడతావు" అంది. తెలుగులో నాచు అంటే చెరువులో వేళ్ళకు చుట్టుకునే పచ్చటి జిగురు కూడా, వానాకాలం గోడ మీద పట్టే మెత్తటి పాచి కూడా. మొదటిది శైవలం (ఆల్గే), రెండోది మాస్. నా పొట్లాల్లో ఉన్నది ఈ రెండోదే. ఇంటర్‌లో ఫ్యునేరియా అనే మాస్ బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నా, మా మేడ పిట్టగోడ మీది పాచి కూడా దాని చుట్టమేనని ఆ రోజుల్లో నాకెవరూ చెప్పలేదు. అమ్మ భయపడ్డ జారుడు చాలావరకు శైవలాలదే. నా నాచు మీద వేలు పెట్టి రాస్తే గరుగ్గా తగులుతుంది.

మే 18

అనుమతి వచ్చింది. షరతులు కచ్చితంగా ఉన్నాయి: ఒక్కో చోట ఒక్కసారే, చిటికెడు మాత్రమే, రాయి కదపకూడదు. చాలా సబబైన షరతులు.

శీతాకాలం నుంచీ వానలు బాగా పడ్డాయి. వాగు నిండుగా, గట్టిగా పారుతోంది. రబ్బరు బూట్లతో అంచునే నడిచాను. ప్లాటీహిప్నిడియం కోసం ఎక్కువ వెతకాల్సిన పని లేదు. నీళ్ళు నిలిచిన మడుగుల్లో ఉండదు. రాళ్ళకు కొట్టుకుని నురగ కక్కే చోట చూడాలి. ఈ రకం నీటి నాచులు నీళ్ళలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌నే తీసుకుంటాయి, చాలా నీటి మొక్కల్లా బైకార్బొనేట్‌ను వాడుకోలేవు. నీళ్ళు కదులుతూ, గాలితో కలుస్తూ ఉంటేనే వాటికి తిండి. చోటు చూపించింది చప్పుడే. ఎక్కడ హోరు ఎక్కువుందో అక్కడికి వెళితే చాలు.

నాలుగు రాళ్ళు ఎంచుకున్నాను. మొదటి బండ మీద నాచు పూర్తిగా నీళ్ళ కింద ఉంది. చెయ్యి పెడితే మోచేతి దాకా చల్లదనం పాకింది. కొమ్మలన్నీ ప్రవాహం పోయే వైపుకే దువ్వినట్టున్నాయి. కొసలు పచ్చగా ఉన్నాయి. మొదళ్ళ దగ్గర ఆకులే లేవు. నీళ్ళతో కొట్టుకొచ్చే ఇసుక గీరి గీరి నల్లటి తీగలు మాత్రం మిగిల్చింది. వేళ్ళు లేని మొక్క ఇది. రైజాయిడ్లు అనే సన్నటి పోగులతో రాతిని పట్టుకుని ఉంటుంది. ఆ పట్టు ఎంత గట్టిదో చిటికెడు తీయబోతే తెలిసింది.

తీసినదాన్ని వాగు నీళ్ళలోనే జాడించాను. అరచేతిలో ఇసుక మిగిలింది, అందులో మిలమిలా మెరిసే రేకులు. అభ్రకం. ఈ లోయ పక్కనే పాత క్వారీ ఒకటుంది, అభ్రకం, పలుగురాయి తీసేవారట. మాది గూడూరు. చిన్నప్పుడు అభ్రకం గుట్టల దగ్గర రేకులు ఏరి, పొరలు పొరలుగా ఒలిచి ఎండకు అడ్డం పెట్టి చూసేవాళ్ళం. అవే రేకులు ఇక్కడ నాచులో తగులుతాయని అనుకోలేదు.

నాలుగు సేకరణలు, నంబర్లు 1 నుంచి 4. ప్రతిదానికీ నోట్సు పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకున్నాను: జీపీఎస్ అంకెలు, రాయి ఏమిటి, ఎండ ఎంత పడుతుంది, నీటి మట్టానికి నాచు ఎంత కింద లేదా పైన ఉంది. ఈ చివరిది ఎవరూ అడగలేదు. స్కేలు చేతిలో ఉంది కాబట్టి కొలిచాను.

మే 23

3వ నంబరు పోయింది.

ఇంట్లో న్యూస్‌పేపర్లో చుట్టి, మిగతావాటి కింద పెట్టాను. నీళ్ళు సరిగ్గా పిండలేదు. ఇవాళ విప్పితే తెల్లటి బూజు. వాసన కూడా వస్తోంది. మొదటి రాత్రే కాగితం మార్చాల్సింది, రెండోరోజు మళ్ళీ మార్చాల్సింది. నేను ఆఫీసు పనిలో పడి మూడు రోజులు చూడలేదు. ఒక్కో చోట ఒక్కసారే అన్నది షరతు, కాబట్టి ఆ రాయి దగ్గర మళ్ళీ తీసే హక్కు నాకు లేదు. చాలా బాధేసింది. అన్ని వానలకూ వరదలకూ తట్టుకుని అక్కడ నిలిచినదాన్ని నా బద్ధకం పాడు చేసింది. నోట్సులో ఆ నంబరు కొట్టెయ్యలేదు. పక్కన "బూజు పట్టింది, భద్రపరచలేదు" అని రాశాను. రాయి దగ్గర తీసుకున్న కొలతలు మాత్రం అలాగే ఉంచాను.

ఈ పని కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు: నీటి నాచును తీసిన వెంటనే జాడించండి, గుప్పిట్లో మెత్తగా పిండండి, విడివిడిగా కాగితంలో పరిచి గాలి తగిలే చోట పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో వదలొద్దు. వేడి తగలనివ్వొద్దు. పూలమొక్కల్లా బరువు పెట్టి అదమొద్దు, ఆకుల తీరు పోతుంది.

జూన్ 15

మైక్రోస్కోపు. ఇవాళ పదకొండు పాత పొట్లాలనూ చూశాను, నా మూడింటినీ చూశాను.

నీటి నాచులు పైకి అన్నీ ఒకలాగే కనిపిస్తాయి, ఆకు ఒక్కటి విడిగా పెట్టి చూస్తే చాలావరకు విడిపోతాయి. అసలు మధ్య ఈనె లేకపోతే ఫాంటినాలిస్. ఈనె పొట్టిగా, రెండుగా చీలి ఉంటే హైగ్రోహిప్నం. ఆకు సన్నగా, ఈనె దిట్టంగా కొస దాకా పోతే హైగ్రోఆంబ్లీస్టీజియం. ప్లాటీహిప్నిడియం ఆకు వెడల్పుగా, కోడిగుడ్డు ఆకారంలో, ఒకటిన్నర రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. ఒకే ఈనె సగం దాటి పోయి ఆగుతుంది. అంచు చుట్టూ సన్నటి రంపపు పళ్ళు. తికమక పెట్టేది బ్రాకీథీసియం రివులారే అనే ఇంకో నాచు. అప్పుడు కాయ, అంటే సిద్ధబీజాలుండే గుళిక, కావాలి. గుళిక మూత పక్షి ముక్కులా పొడుగ్గా సాగి, కాడ నున్నగా ఉంటే మనది. మూత పొట్టి శంకువులా, కాడ గరుగ్గా ఉంటే బ్రాకీథీసియం.

పదకొండులో తొమ్మిది సరైనవే. ఒకటి బ్రాకీథీసియం. ఇంకొక పొట్లంలో రెండు నాచులూ కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీసి పక్కపక్కన చిన్న పొట్లాల్లో పెట్టి, పెద్ద పొట్లంలోనే ఉంచాను. పాత లేబుల్ ఎప్పుడూ తీయకూడదు. నేను వేరే పేరు అనుకుంటే నా చీటీ పక్కన అతికించాలి, తేదీ వెయ్యాలి. తర్వాత వచ్చేవాళ్ళు నేను తప్పంటే వాళ్ళ చీటీ వాళ్ళు పెడతారు. ఒక పొట్లానికి ఎవరో పాత లేబుల్ కత్తిరించి పారేసి, టైపు కొట్టిన కొత్త లేబుల్ ఒక్కటే ఉంచారు. శుభ్రంగా ఉంది, చదవడానికి తేలిక. కానీ మొదట సేకరించినవారి చేతిరాత, వాళ్ళు మార్జిన్లో ఏమన్నా రాసుకుని ఉంటే అది, ఇక ఎప్పటికీ దొరకవు. నాకు మహా కోపం వచ్చింది.

జులై 13

పొట్లాలు మడిచే రోజు. ఆమ్లం లేని కాగితం తీసుకుని, కింది అంచు పైకి మడిచి, పైన బొటనవేలంత వదిలి, రెండు పక్కలూ వెనక్కి తిప్పి, వదిలిన అంచును మూతలా కిందికి దించాలి. లేబుల్ ఆ మూత మీద వస్తుంది. మా వీధి కొట్లో పోపుగింజలు పొట్లం కట్టే ఆయన చేతులు గుర్తొచ్చాయి. ఆయన చూడకుండానే కట్టేవాడు. నాకు ఇరవయ్యో పొట్లానికి గానీ అంచులు సమానంగా రాలేదు. ఇక్కడ దారం ఉండదు, జిగురు ఉండదు. మడత ఒక్కటే పట్టి ఉంచాలి. ఇంకో వందేళ్ళకు ఎవరైనా విప్పినా చిరగకూడదు.

పాత పొట్లాల్లో రాలిన ఇసుక కూడా పారేయలేదు. మూడింటిలో అభ్రకం మెరిసింది. అంతమాత్రాన లోయలోదే అని చెప్పలేం, ఈ ప్రాంతమంతా ఆ రాయే. అందుకే లేబుల్ మీద దాని ఊసు లేదు. పొట్లం లోపల చిన్న కవర్లో మాత్రం ఉంది.

స్థలాల సంగతి కష్టంగా ఉంది. "మయానస్ నది, తడి రాళ్ళ మీద" అని ఉంటే ఏ రాష్ట్రం అనుకోవాలి? ఈ నది న్యూయార్క్‌లో కొంత, కనెక్టికట్‌లో కొంత పారి గ్రినిచ్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. అలాంటి పొట్లాలు రెండున్నాయి. మ్యాపు మీద ఒక చుక్క పెట్టి సరిపెట్టుకోవచ్చు, కానీ అది అబద్ధమవుతుంది. చుక్కతో పాటు చుట్టూ ఎంత దూరం వరకూ తేడా ఉండొచ్చో కూడా రాస్తాం. ఆ రెండింటికీ వ్యాసార్ధం కిలోమీటర్లలో వచ్చింది.

ఇంకో దాని లేబుల్ మూల చిరిగి చివరి వరుస పోయింది. దానికి మాత్రం అదృష్టం కలిసొచ్చింది. అప్పట్లో సేకరించేవాళ్ళు ఒకే నాచును నాలుగైదు పొట్లాలు కట్టి ఒకరికొకరు పంపుకునేవాళ్ళు. 1898లో ఏబెల్ గ్రౌట్, ఎలిజబెత్ బ్రిటన్ కలిసి మొదలుపెట్టిన సలివాంట్ మాస్ సంఘంలో ఈ ఇచ్చిపుచ్చుకోవడం పెద్ద పని. అందులో ఉన్నవాళ్ళు చాలామంది ఉద్యోగాలు, బడి పాఠాలు చేసుకుంటూ సెలవు రోజుల్లో నాచులు ఏరినవాళ్ళే. ఉత్తర అమెరికా బ్రయోఫైట్ (నాచులు, వాటి చుట్టాలు) హెర్బేరియాల ఉమ్మడి పోర్టల్లో సేకరణ నంబరు, తేదీ పెట్టి వెతికితే దీని జోడు పొట్లం ఇంకో రాష్ట్రంలో దొరికింది. అందులో చివరి వరుస భద్రంగా ఉంది: బెడ్‌ఫర్డ్ వైపు, లోయలో. ఆ వరుసను మా రికార్డులోకి ఎక్కించి, ఎక్కడ చూసి రాశానో కూడా రాశాను.

అక్టోబరు 19

దసరా అయిన వారం. సెప్టెంబరు నుంచి వాన అన్న మాటే లేదు. న్యూయార్క్ నగరంలోనూ ఇదే కథ. (ఆ తర్వాత చేర్చిన మాట: సెంట్రల్ పార్కులో ఈ అక్టోబరు మొత్తానికి పడింది అంగుళంలో వందో వంతు. 1869 నుంచి ఉన్న లెక్కల్లో ఇంత పొడి నెల లేదు.)

లోయలోకి దిగితే హోరు లేదు. మేలో మోచేతి దాకా నీళ్ళలో పెట్టి తడిమిన మొదటి బండ మొత్తం బయటికొచ్చి ఎండలో ఉంది. నాచు పై అంచు నీటికి 31 సెంటీమీటర్ల పైన, కింది అంచు 8 సెంటీమీటర్ల పైన. కొమ్మలు నల్లబడి ముడుచుకుని అచ్చం మా అల్మరాలోని పొట్లంలా ఉన్నాయి. సీసాలో నీళ్ళు కొద్దిగా ఒంపితే ఆకులు విచ్చుకున్నాయి. బతికే ఉందా అన్నది దీన్నిబట్టి చెప్పలేం, 1936 నాటిదీ ఇలాగే విచ్చుకుంది.

దాని పక్కనే కూర్చుని పాత లేబుళ్ళ పట్టిక తీశాను. పొట్లాల్లో రెండు రకాల రాతలున్నాయి. కొన్నింటి మీద "నీళ్ళలో మునిగి ఉన్న రాళ్ళు" అని, కొన్నింటి మీద "పొడి బండలు, నీటికి పైన" అని. ఇవి రెండు వేర్వేరు చోట్లని, ఈ నాచు రెండు రకాల తావుల్లోనూ పెరుగుతుందని ఏప్రిల్లో పట్టికలో రెండు వరుసలు చేశాను. ఇప్పుడు తేదీలు చూశాను. మునిగి ఉన్నాయన్నవి ఏప్రిల్, మే, ఒకటి జూన్. పొడి బండలన్నవి సెప్టెంబరు నుంచి నవంబరు. ఒక్క వరుస కూడా దాటిపోలేదు.

రెండు రాతలూ ఒకే రాయి గురించి కావచ్చు. నా ముందున్న ఈ బండను మేలో చూసి నేనే "మునిగి ఉంది" అని రాశాను. ఇవాళ ఎవరైనా మొదటిసారి చూస్తే "పొడి బండ" అనే రాస్తారు. వాళ్ళూ నిజమే రాశారు, నేనూ నిజమే రాశాను. తేదీతో కలిపి చదవకపోవడమే నేను చేసిన పొరపాటు.

ఇంకొకటి. బండ పై అంచున కాయలు కనిపించాయి. సెంటీమీటరు పొడుగు ఎర్రటి నున్నటి కాడ, కొసన కాస్త వంగిన గుళిక, దానికి పొడుగాటి ముక్కు మూత. పది రెట్ల లెన్స్‌లో ఒక్కోటీ నీళ్ళకు వంగిన చిన్న కొంగలా ఉంది. కింది అంచున, ఎక్కువకాలం నీళ్ళలో ఉండే భాగంలో, ఒక్కటీ లేదు. పాత పొట్లాల్లో కూడా కాయలున్నవి శరత్కాలంలో తీసినవే, 1936 నాటిదానితో సహా. తొమ్మిది పొట్లాలతో సిద్ధాంతం చెయ్యకూడదు, చెయ్యను. వచ్చే ఏడాది చూడాల్సిన ప్రశ్నగా రాసుకున్నాను.

మొదటి బండ దగ్గర మేలో ఒకసారి తీశాను కాబట్టి ఇవాళ ఏమీ తీయలేదు. ఫొటోలు, కొలతలు మాత్రమే. ఇంకొంచెం ఎగువన కొత్త చోట ఒక చిటికెడు, కాయలతో: 5వ నంబరు. అక్కడికక్కడే పిండి, రెండు కాగితాలు మార్చాను.

నవంబరు 23

20, 21 తేదీల్లో ఎట్టకేలకు వాన పడింది. తలుపులు తీసుకుని వింటూ నిద్రపోయాను. ఇవాళ వెళితే హోరు కొద్దిగా తిరిగొచ్చింది. మొదటి బండ దగ్గర నీళ్ళు నాచు కింది అంచును తాకుతున్నాయి, అంటే నెలలో దాదాపు 8 సెంటీమీటర్లు పెరిగాయి. తడిసిన కింది భాగం పచ్చగా, పై భాగం ఇంకా సగం నలుపుగా ఉంది. ఒకే గుబురులో రెండు లేబుళ్ళూ ఉన్నాయి. దాన్నే ఫొటో తీశాను, స్కేలుతో సహా.

గుళికలు కొన్నింటి మూతలు ఊడిపోయాయి. సిద్ధబీజాలు బయలుదేరి ఉంటాయి.

డిసెంబరు 14

పొట్లాలు ఫ్రీజర్లో వారం ఉండి బయటికొచ్చాయి. ఏ పురుగు గుడ్లో వెంటపెట్టుకుని అల్మరాలోకి వెళ్ళకూడదని ఆ జాగ్రత్త. బార్‌కోడ్లు అతికించాం, ఫొటోలు తీశాం. పాతవి పదకొండు, నావి నాలుగు. 3వ నంబరుకు పొట్లం లేదు గానీ నోట్సు పేజీ స్కాన్ చేసి మిగతావాటితో జత చేశాను.

కొత్త లేబుళ్ళలో ఒక వరుస అదనంగా పెట్టించాను: "సేకరించిన రోజు నీటి మట్టానికి ఎంత దూరం". పాతవాటికి ఆ వరుస ఖాళీగా ఉంచాను, ఊహించి నింపలేదు. పట్టికలో నేను ఏప్రిల్లో చేసిన రెండు తావుల వరుసలను ఒకటి చేసి, సేకరించినవారు రాసిన మాటలను ఉన్నవి ఉన్నట్టే పక్కన పెట్టాను.

ఏ రాష్ట్రమో తేలని రెండు పొట్లాలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. వాటి జోళ్ళు ఎక్కడా దొరకలేదు. ఇవాళ ఒకదాన్ని ఇంకోసారి విప్పి, లేబుల్ వెనక్కి తిప్పి దీపానికి అడ్డం పెట్టి చూశాను. పెన్సిల్‌తో ఏదో రాసి చెరిపిన జాడ ఉంది. మొదటి అక్షరం 'బి' లాగే ఉంది. వచ్చే శనివారం పక్కనుంచి లైటు వేసి ఫొటో తీయాలి.